డిస్ట్రిక్ట్ లైను పాటగాడు

ఈస్ట్ హామ్, లండన్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరీ,

"పంక్ రికార్డుకి డబ్బులు తగలేశావా? మూడు నిమిషాలు అరిచి గిటారు విరగ్గొట్టి పోయేవాళ్ళదేగా!" అని మెసేజ్ పెట్టావు. దీనికి వాట్సాప్‌లో ఒక్క ముక్కలో జవాబిస్తే నువ్వు రెండు నవ్వు బొమ్మలు పంపి ఊరుకుంటావు. అందుకే ఉత్తరం. మావాళ్ళంతా ఇల్ఫర్డ్‌లో ఎవరింటికో వ్రతానికి వెళ్ళారు. జలుబు పుణ్యమా అని నేను ఇంట్లోనే ఉన్నాను. నీకు తప్పదు, చదువు.

ముందు డబ్బుల లెక్క చెప్తాను. పాత రికార్డుల కొట్లో దొరికింది, ఇక్కడ రెండు బిర్యానీల ఖరీదు కూడా కాదు. అట్ట మూలలు నలిగాయి, మొదటి సైడులో అక్కడక్కడా గరగర ఉంది. ఇంకోటి, ఇది పంక్ కాదురా, అంటే డెబ్భైల్లో ఇక్కడి కుర్రాళ్ళు లేపిన ఆ అరుపుల రాక్ సంగీతం కాదు. పంక్ రోజుల్లో వచ్చింది, పంక్ కుర్రాళ్ళే ఎగబడి కొన్నారు, అంతే. పాడినవాడికి అప్పటికే 35 ఏళ్ళు. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఆర్ట్ కాలేజీలో బొమ్మలు గీయడం నేర్పిన మాస్టారు. పబ్బుల్లో ఏళ్ళ తరబడి పాడి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా మిగిలినవాడు. పేరు ఇయాన్ డ్యూరీ. ఎల్పీ (పెద్ద రికార్డు) పేరు 'న్యూ బూట్స్ అండ్ ప్యాంటీస్', చివర రెండు ఆశ్చర్యార్థకాలతో. 1977 సెప్టెంబరు 30న విడుదలైంది, పంక్ అనగానే అందరూ చెప్పే బ్యాండు సెక్స్ పిస్టల్స్ ఎల్పీ కంటే సుమారు నెల ముందు. ఆయన బట్టలన్నీ సెకండ్ హ్యాండ్ కొట్లలోనే కొనేవాడట. బూట్లూ లోదుస్తులూ మాత్రం కొత్తవి కావాలి. ఎల్పీకి ఆ పేరు అలా వచ్చింది.

పబ్బుల సంగతి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. డెబ్భైల మొదట్లో ఇక్కడ రాక్ సంగీతం బాగా బలిసిపోయింది. పెద్ద పెద్ద స్టేడియాలు, లారీల కొద్దీ సామాను, ఇరవై నిమిషాలు సాగే గిటారు సోలోలు. 1971లో ఎగ్స్ ఓవర్ ఈజీ అనే అమెరికన్ బ్యాండు లండన్‌లో ఉండిపోయి, కెంటిష్ టౌన్‌లో టాలీ హో అనే పబ్బుకి వెళ్ళి మేం వాయిస్తాం అని అడిగింది. అప్పటిదాకా అక్కడ జాజ్ తప్ప ఇంకోటి లేదు. అక్కణ్ణుంచి మొదలు. ఇజ్లింగ్టన్‌లో హోప్ అండ్ యాంకర్ పబ్బు నేలమాళిగ, ఇంకా అలాంటివి బోలెడు. పొట్టి పాటలు, చేతికందేంత దూరంలో పాటగాడు, చేతిలో బీరు గ్లాసు. పాట బాగోలేకపోతే జనం ఈలలు కూడా వెయ్యరు, వెనక్కి తిరిగి కబుర్లలో పడిపోతారు. ఆ వీపుల్ని మళ్ళీ తనవైపు తిప్పుకోవడం నేర్చినవాడు ఎక్కడైనా బతుకుతాడు. దీన్నే పబ్ రాక్ అన్నారు. పంక్ వచ్చేసరికి పబ్బులూ వాటి స్టేజీలూ సిద్ధంగా ఉన్నాయి.

డబ్బు కూడా అటునుంచే వచ్చింది. కాన్వీ ద్వీపం నుంచి వచ్చిన డాక్టర్ ఫీల్‌గుడ్ అనే పబ్ బ్యాండులో గాయకుడు లీ బ్రిల్లో. డేవ్ రాబిన్సన్, జేక్ రివియేరా అనే ఇద్దరు మేనేజర్లకి అతను 400 పౌండ్లు అప్పిచ్చాడు. దాంతో 1976లో స్టిఫ్ రికార్డ్స్ పుట్టింది. వీళ్ళ వెటకారం చూడు. రికార్డుల వ్యాపారంలో 'స్టిఫ్' అంటే అమ్ముడుపోకుండా మూలపడ్డ రికార్డు. సింగిల్స్ (ఒక్కో పాటకి వేసే చిన్న రికార్డులు) నంబర్లకి ముందు 'బై' అని వేసేవాళ్ళు, కొనుక్కోండి అని. ఎల్పీలకి 'సీజ్'. నా దగ్గరున్నది సీజ్ 4. బ్రిటన్‌లో మొదటి పంక్ సింగిల్ అని చెప్పే డ్యామ్డ్ అనే బ్యాండు వాళ్ళ రికార్డు వేసింది కూడా ఈ కంపెనీయే. డ్యూరీ మేనేజర్లు ఈ ఎల్పీ పట్టుకుని పెద్ద కంపెనీల గుమ్మాలు ఎక్కి దిగారు, ఎవరూ తీసుకోలేదు. ఆ డ్యూరీ మేనేజర్ల ఆఫీసు బేస్‌వాటర్‌లో అలెగ్జాండర్ స్ట్రీట్‌లో ఉండేది. స్టిఫ్ ఉన్నది కూడా అదే బిల్డింగు! ఊరంతా తిరిగొచ్చి చివరికి అక్కడే ఇచ్చారు.

డ్యూరీ కథ నీకు చెప్పాలి. తండ్రి లండన్‌లో బస్సు డ్రైవరు. తర్వాత పెద్దమనుషుల కార్లు నడిపాడు. తల్లి బాగా చదువుకున్న కుటుంబం మనిషి, ఇళ్ళకి తిరిగి తల్లీపిల్లల ఆరోగ్యం చూసే ఉద్యోగం. ఇద్దరూ విడిపోయారు. కుర్రాడు పెరిగింది అప్‌మిన్‌స్టర్‌లో. మా ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైను రైలెక్కి చివరిదాకా కూర్చుంటే వచ్చే స్టేషనే అప్‌మిన్‌స్టర్. ఏడేళ్ళ వయసులో, 1949లో, పోలియో వచ్చింది. సౌతెండ్‌లో ఈతకొలనులో నీళ్ళు మింగితే అంటుకుందని ఆయన నమ్మకం. ఎడమ కాలు, ఎడమ చెయ్యి చచ్చుబడ్డాయి. తర్వాత సస్సెక్స్‌లో చెయిలీ అనే ఊళ్ళో వికలాంగ పిల్లల బడిలో వేశారు. అక్కడ కిందపడితే ఎవరూ లేపరు, నువ్వే లేవాలి. ఆ బడి ఆయనకి మొండితనం నేర్పింది, ఎంత బూతైనా నదురూ బెదురూ లేకుండా అనడమూ నేర్పింది.

తర్వాత బొమ్మల చదువు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఆయన గురువు పీటర్ బ్లేక్, బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' అట్ట చేసినాయన. చదువయ్యాక డ్యూరీ క్యాంటర్‌బరీ కాలేజీలో పాఠాలు చెప్తూ, స్టూడెంట్లని పోగేసి బ్యాండు పెట్టాడు. పేరు కిల్‌బర్న్ అండ్ ది హై రోడ్స్. ఆ స్టేజీని ఒకసారి ఊహించుకో. కాలికి ఇనుప పట్టీ వేసుకున్న గాయకుడు. చంకకర్రలతో నడిచొచ్చి డ్రమ్స్ దగ్గర కూర్చునే డ్రమ్మరు. తాటిచెట్టంత పొడుగున్న బేస్ వాయిద్యగాడు హంఫ్రీ ఓషన్, ఆయన తర్వాత పెద్ద పేరున్న చిత్రకారుడయ్యాడు. 1973లో 'ది హూ' అనే పెద్ద రాక్ బ్యాండు వాళ్ళ టూర్లో వీళ్ళు ముందు వాయించారు. పబ్బుల్లో గొప్ప పేరు, బ్యాంకులో ఏమీ లేదు. 1976కల్లా దుకాణం కట్టేశారు.

ఆ చివరి రోజుల్లోనే చాజ్ జాంకెల్ అనే కీబోర్డు, గిటారు వాయించే కుర్రాడు ఒక షో అయ్యాక మేకప్ గదిలోకి దూరాడు. డ్యూరీ ఎగాదిగా చూసి, "నువ్వెవరో నాకు తెలుసా?" అన్నాడు. "తెలీదండీ." "అయితే దొబ్బెయ్!" ఇదీ మొదటి పరిచయం. కొన్నాళ్ళకే ఇద్దరూ కలిసి కూర్చుని ఈ ఎల్పీ పాటలు కట్టారు. ఎక్కడనుకున్నావ్? ఓవల్ క్రికెట్ గ్రౌండ్ పక్కనే డ్యూరీ ఉండే పాత ఫ్లాట్లో. నీకు ఓవల్ అంటే 1971లో చంద్రశేఖర్ ఆరు వికెట్లు, మనం ఇంగ్లండ్‌లో మొదటిసారి సిరీస్ గెలవడం గుర్తొస్తుంది. నాకు ఇప్పుడు ఈ పాటలు కూడా గుర్తొస్తున్నాయి.

రికార్డింగు ఓల్డ్ కెంట్ రోడ్డులో వర్క్‌హౌస్ అనే స్టూడియోలో. మన బిజినెస్ ఆటలాంటి మోనోపొలీ ఉందే, దాని లండన్ బోర్డు మీద అన్నిటికంటే చవక వీధుల్లో అదొకటి. బేస్ గిటారు నార్మన్ వాట్-రాయ్. పుట్టింది ఎక్కడో చెప్పుకో చూద్దాం. బొంబాయి! 1951లో అక్కడ పుట్టాడు, చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళు ఇంగ్లండ్ వచ్చేశారు. డ్రమ్స్ చార్లీ చార్ల్స్, గయానాలో పుట్టినవాడు. ఈ ఇద్దరూ కలిస్తే కుర్చీలో కుదురుగా కూర్చోలేవు. పంక్ బ్యాండుల్లో అప్పటికి ఇంత చెయ్యి తిరిగినవాళ్ళు దాదాపు లేరు. పైన డ్యూరీ సగం మాట్లాడుతూ సగం పాడుతూ ఉంటాడు, కింద వీళ్ళు ఫంక్ అనే చిందేయించే లయ నడిపిస్తూ ఉంటారు. ఎల్పీ మొత్తం నిలబడింది ఆ నడక మీదే.

ఇప్పుడు అట్ట చూడు. ఒక కొట్టు ముందు తండ్రీకొడుకులు నిలబడి ఉన్నారు. కొడుకు బ్యాక్స్‌టర్, అప్పటికి అయిదేళ్ళవాడు. వాణ్ణి ఫొటోలో పెట్టాలని ముందు అనుకోలేదట, పక్కనే ఉండి వచ్చి నిలబడ్డాడట. ఇప్పుడు వాడు కూడా పేరున్న గాయకుడు. వెనకాల అద్దాల్లో ఆడవాళ్ళ లోదుస్తులు. కొట్టు పేరు యాక్స్‌ఫర్డ్స్, విక్టోరియా స్టేషన్ దగ్గర వాక్స్‌హాల్ బ్రిడ్జ్ రోడ్డులో ఉండేది. చూడగానే చిలిపి ఫొటో, నవ్వేసి పక్కన పెడతావు. కానీ మొదటి సైడులో నాలుగో పాట తండ్రి మీద. ఆ పాటలో ఆయన విక్టోరియాలో ఒకే ఒక్క గదిలో ఉండేవాడని చెప్తాడు. అంటే కొడుకూ మనవడూ ఫొటో దిగింది ఆ పెద్దాయన పేటలోనే. ఆయన 1968లో పోయాడు. కావాలని ఆ చోటే ఎంచుకున్నారని నేననడం లేదు. కానీ ఆ పాట విన్నాక అట్టని మళ్ళీ మామూలుగా చూడలేకపోతున్నాను.

ఆ పాటలో కన్నీళ్ళు లేవురా. నాన్న చూడ్డానికి బాగుండేవాడు, సిగరెట్లు ఎక్కువ తాగేవాడు, గది నీటుగా పెట్టుకునేవాడు, అల్సర్ పెద్దదైతే ఆపరేషన్ అయింది. ఇలా ఫారం నింపినట్టు చెప్పుకుపోతాడు. ఏడేళ్ళు తండ్రీకొడుకులు దూరంగా ఉన్నారు, తర్వాత ఇద్దరు మగాళ్ళుగా కలుసుకున్నారు, పెద్దగా మాట్లాడుకునేలోపే ఆయన పోయాడు. అంతే పాట. బేస్ మాత్రం బస్సు ఇంజనులా ఆగకుండా కొట్టుకుంటూ పోతుంది. నా కాపీలో గరగర ఎక్కువున్నది సరిగ్గా ఈ పాటలోనే. పాత ఓనరెవరో దీన్నే అరగదీసినట్టున్నాడు.

నువ్వెప్పుడూ అంటుంటావే, వాళ్ళ జోకులు మనకెక్కవని. దాని తర్వాతి పాట 'బిలరికీ డిక్కీ' విని చెప్పు. ఎసెక్స్ తాపీమేస్త్రీ ఒకడు, తను పడేసిన ఆడపిల్లల లిస్టు చదువుతాడు. ఒక్కో పిల్లకి ఒక్కో ఊరు, ఊరి పేరుకీ పిల్ల పేరుకీ సామానుకీ ప్రాస కుదరాలి. నీనా అనే అమ్మాయి ఉందంటే ఆ వ్యవహారం ఫోర్డ్ కార్టీనా కారు వెనక సీట్లోనే జరగాలి మరి! మ్యూజిక్ తిరనాళ్ళలో రంగులరాట్నం దగ్గర వినపడేలాంటిది. వాడు ఎంత గొప్పలు చెప్పుకుంటే అంత తేలిపోతుంటాడు, కానీ డ్యూరీ వాణ్ణి ఎక్కడా వెక్కిరించడు. మనకి తెలిసినవాడే వాడు. మన హాస్టల్లో మూడో అంతస్తు చివరి గదిలో ఉండేవాడు, పేరు నేను రాయక్కర్లేదు.

ఇలాంటి వాళ్ళ కోసం డ్యూరీ పాత మ్యూజిక్ హాల్ (పాటలూ జోకులూ కలిపిన స్టేజీ వినోదం) హాస్యగాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. మ్యాక్స్ మిల్లర్, మ్యాక్స్ వాల్ లాంటి వాళ్ళన్నమాట. మ్యాక్స్ వాల్ చేత డ్యూరీ పాటే ఒకటి పాడించి 1977లోనే స్టిఫ్ వాళ్ళు సింగిల్ వేశారు. దేశమంతా పంక్ ఫ్యాషనని పిన్నీసులు గుచ్చుకుని తిరుగుతుంటే ఒక ముసలి కమెడియన్ రికార్డు వేసే ధైర్యం చూశావా?

మిగతా పాటలు గబగబా చెప్తాను. మొదటిది పొద్దున్నే ఒక జంట సరసం గురించి, చాలా మర్యాదగా మొదలై మర్యాద లేకుండా సాగుతుంది. రెండోది జీన్ విన్సెంట్ మీద. 1971లో 36 ఏళ్ళకే చనిపోయిన అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు, అతనూ కుంటికాలివాడే. మెల్లగా శోకంలా మొదలెట్టి, ఒక్కసారి గేరు మార్చి దూసుకుపోతుంది. నలుపు చొక్కా, తెలుపు మొహం, నలుపు బూట్లు, తెలుపు మేజోళ్ళు, ఇలా రెండే రంగుల్లో మనిషిని దించేస్తాడు. బొమ్మలేసేవాడి కన్ను ఎక్కడికి పోతుంది! మూడోది సరదాగా ఉంటుంది, అంతకంటే చెప్పడానికేం లేదు.

సైడు తిప్పాలి. ఇది ఫోన్లో వింటే తెలీదురా. డిక్కీగాడి గొప్పలకి నవ్వుకుంటూ లేస్తావు, ముల్లు తీస్తావు, రికార్డు తిప్పి పెడతావు. మన సినిమాల్లో ఇంటర్వెల్ దాకా కామెడీ నడిపించి తర్వాత అసలు కథలోకి దించినట్టే, రెండో సైడులో గాలి మారిపోతుంది. మొదటి పాట 'క్లెవర్ ట్రెవర్'. టైటిల్ స్పెల్లింగు కావాలనే తప్పుగా రాశాడు. చదువబ్బని కుర్రాడొకడు 'లేదు, కాదు, ఎప్పుడూ కాదు' అని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ తనని తాను సమర్థించుకుంటాడు. వాడు తెలివితక్కువవాడని నువ్వు అనుకునేలోపు, తన దగ్గర ఎన్నడూ లేనిదాని గురించి తనెందుకు బాధపడాలని వాడే నిన్ను అడుగుతాడు. నాకు ఈ ఎల్పీలో అన్నిటికంటే ఇష్టమైన పాట ఇదే. 'బ్లాక్‌హెడ్స్' (మొద్దుబుర్రలు) అనే పాటలో తాగి వీధుల్లో గోల చేసే మందని ఉతికి ఆరేస్తాడు. మనం బాగా అయిందిలే అనుకుంటూ ఉంటాం. చివర్లో తిరిగి, మీరందరూ బ్లాక్‌హెడ్సే అనేస్తాడు! ఆ తర్వాత తన బ్యాండుకి కూడా అదే పేరు పెట్టుకున్నాడు. ఈ సైడులోనే ఆడవాళ్ళ గురించి ఒక పాట ఉంది, పాడేవాడి నీచత్వం చూపించడానికే రాశాడంటారు. అయినా నాకు నచ్చలేదు, ముల్లు ఎత్తి దాటించేస్తుంటాను.

'ప్లాస్టో ప్యాట్రీషియా' వేరే సంగతి. ప్లాస్టో మా స్టేషన్ నుంచి రెండోది, నేను రోజూ దాటే ఊరు. హెరాయిన్‌కి అలవాటు పడ్డ ఒక పిల్ల కథ అది. పాట మొదలవడమే వరసగా పచ్చి బూతులతో, మ్యూజిక్ కూడా ఉండదు. మొదటిసారి విన్నప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా వచ్చింది. చివరి పాట తిట్లతో నిండి, వేగం పెరిగి పెరిగి కేకల్లో ముగుస్తుంది. పంక్ అనదగ్గది ఎల్పీ మొత్తంలో ఈ రెండూ మాత్రమే.

ఇంత చెప్పి అసలు పాట చెప్పలేదేం అంటావు. 'సెక్స్ అండ్ డ్రగ్స్ అండ్ రాక్ అండ్ రోల్' అనే మాట నువ్వు కూడా వాడేదే. ఆ పేరుతో పాట రాసింది ఈయనే. అది ఈ ఎల్పీలో లేదు! అంతకు ముందు నెలే సింగిల్‌గా వచ్చింది. ఒకే పాటని జనానికి రెండుసార్లు అమ్మడం డ్యూరీకి ఇష్టం లేదు. తర్వాతి ముద్రణల్లో కొన్నిటిలో చేర్చారు, నా దగ్గరున్న పాతదాంట్లో పదే పాటలు. ఆ పాట గిటారు ముక్క ఆర్నెట్ కోల్మన్ జాజ్ రికార్డులో చార్లీ హేడెన్ వాయించిన బేస్ నుంచి తీసుకున్నది. పబ్బు పాటగాళ్ళ దగ్గర ఎలాంటి రికార్డులుండేవో ఆలోచించు.

ఎవరూ వద్దన్న ఈ ఎల్పీ బ్రిటన్ చార్టులో అయిదో స్థానం దాకా వెళ్ళి, అటూ ఇటూగా 90 వారాలు అక్కడక్కడే తిరిగింది. 1979 జనవరిలో ఆయన సింగిల్ 'హిట్ మీ విత్ యువర్ రిథమ్ స్టిక్' నంబర్ వన్. అందులో ఊళ్ళ పేర్ల మధ్య బొంబాయి కూడా వస్తుంది. ఆ పాటలో బొంబాయిలో పుట్టినాయన వాయించిన బేస్ విని నేర్చుకోబోయి వేళ్ళు వాచిపోయినవాళ్ళు ఎంతమందో.

1981ని వికలాంగుల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటిస్తే డ్యూరీకి ఒళ్ళు మండింది. మామీద ఇప్పుడు జాలేమిటని, తమని తిట్టే మాటలతోనే 'స్పాస్టికస్ ఆటిస్టికస్' అని పాట కట్టాడు. బీబీసీ దాన్ని దూరం పెట్టింది. 2012 పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో, మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ స్టేడియంలో, వికలాంగ నటులు ప్రపంచం ముందు అదే పాట పాడారు. అప్పటికి ఆయన లేడు. క్యాన్సర్‌తో 2000 మార్చి 27న పోయాడు, 57 ఏళ్ళు. పోవడానికి రెండేళ్ళ ముందు, ఆ జబ్బుతోనే, యూనిసెఫ్ తరఫున పోలియో చుక్కల ప్రచారానికి శ్రీలంక వెళ్ళాడు. మన ఊళ్ళో పోలియో ఆదివారాల్లో మీ అమ్మగారు పిల్లల్ని లైన్లో నిలబెట్టింది కూడా అటూ ఇటూగా ఆ రోజుల్లోనే కదూ?

అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆపరేషన్ వాయిదా వెయ్యొద్దని నా మాటగా చెప్పు. డిసెంబర్లో వస్తున్నాను. రికార్డు తేవడం కుదరదు, సూట్‌కేసులో పచ్చడి జాడీల పక్కన పెడితే వంగిపోతుంది. నీకు మీ ఊళ్ళో దొరికితే సరే, లేకపోతే ఫోన్లోనే విను. కానీ అయిదో పాట తర్వాత లేచి నీళ్ళు తాగిరా. ఎనిమిదో పాట దాటి 'ప్లాస్టో ప్యాట్రీషియా' మొదలయ్యే ముందు మాత్రం మీ నాన్నగారు ఏ గదిలో ఉన్నారో ఒకసారి చూసుకో.

నీ
ప్రసాద్